కరపత్రంలో రోబో, షెడ్డులో గుండుసూదులు: పాలకొల్లు మెకానిజం క్లాసు

కరపత్రం మీద రోబో బొమ్మ వేశారు. ఆరు ఆదివారాలు వెళ్లాను, రోబో కాదు కదా దాని చిటికెనవేలు కూడా కనపడలేదు. రోబోటిక్స్ అనుకుని పిల్లల్ని చేర్పిద్దామనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆగనివాళ్ల కోసం మిగతాది రాస్తున్నాను, ఎందుకంటే అక్కడ రోబో లేకపోయినా వేరేది ఉంది, పట్టీలూ చక్రాలతో యంత్రాలు ఎలా కదులుతాయో చేత్తో చేయించి నేర్పడం, అది నాకు బాగా పనికొచ్చింది.

మాది నరసాపురం. వీధి గదిలో టైలరింగ్ షాపు, 14 ఏళ్లుగా అదే పని. ఫీజు కట్టింది మావాడి కోసం, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మొదటి ఆదివారం వాణ్ని బస్సులో తీసుకెళ్లి వెనకాల బల్ల మీద కూర్చున్నాను. రెండో ఆదివారానికి వాడికి క్రికెట్ టోర్నమెంటు గుర్తొచ్చింది. ఫీజు 3,500, వెనక్కివ్వరట. ఈ మాట కరపత్రంలో ఎక్కడా లేదు, అడిగితే "అంతేనండి ఆయ్" అన్నారు. పోనీ వాడి బదులు నేను కూర్చుంటానంటే మాస్టారు కళ్లజోడు పైనుంచి చూసి, "కుట్టు మిషన్ తొక్కుతావా అమ్మా? అయితే సగం నీకు వచ్చినట్టే, రా కూర్చో" అన్నారు. ఊరికే అన్నారనుకున్నాను.

ఇందులో నాలుగు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి నడిపేవాళ్ల పేరు రాయడం లేదు. కాలవ గట్టు పక్కన లేత్ మిషన్ ఉన్న రేకుల షెడ్డు, నేర్పేది రిటైరైన ఐటీఐ మాస్టారు, మొత్తం తొమ్మిది మందిమి. అంతవరకు చాలు.

మొదటి ఆదివారం చూసి నిజంగా కోపం వచ్చింది. అంత డబ్బు తీసుకుని అట్టముక్కలు పంచారు. చొక్కాల డబ్బాల అట్ట, కత్తెర, గుండుసూదులు, అడుగున థర్మోకోల్ షీటు. నాలుగు పట్టీలు కత్తిరించి, చివర్ల చిల్లులు పెట్టమన్నారు, చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం 9, 3, 8, 7 సెంటీమీటర్లు. 9 పట్టీని కదలకుండా థర్మోకోల్‌కి గుచ్చాలి. దాని ఒక చివర 3, ఇంకో చివర 7, ఆ రెండింటినీ కలుపుతూ పైన 8. ఇప్పుడు చిన్న పట్టీని వేలితో తిప్పితే అది చక్కగా చుట్టూ తిరుగుతుంది, అవతలున్న 7 పట్టీ మాత్రం పెళ్లికొడుకు నచ్చని పిల్లలాగా అటూ ఇటూ తల ఊపుతూ ఉంటుంది. తిరిగేది క్రాంకు, ఊగేది రాకర్. సరే, బాగానే ఉంది. వెంటనే 5, 6, 7, 9 పట్టీలతో అదే కట్టమన్నారు. ఎంత తిప్పినా సగంలో ఇరుక్కుపోతుంది, మావాడిది ఒక్కటే కాదు, అందరివీ.

కారణం చెప్పకుండా పావుగంట మమ్మల్ని అలా వదిలేశారు. తర్వాత చెప్పింది ఒక్క ముక్క: అన్నిటికన్నా పొట్టిదీ అన్నిటికన్నా పొడుగుదీ కలిపితే, మిగతా రెండిటి మొత్తాన్ని మించకూడదు. మొదటిదాంట్లో 3, 9 కలిపితే 12, మిగతావి 15, కాబట్టి తిరిగింది. రెండోదాంట్లో 5, 9 కలిపితే 14, మిగతావి 13. సెంటీమీటరు తేడాకి ఏ పట్టీ కూడా పూర్తి చుట్టు తిరగదు. దీన్ని గ్రాషాఫ్ నియమం అంటారట, 19వ శతాబ్దపు జర్మన్ ఇంజనీరు పేరు మీద. ఇంకో తమాషా ఏంటంటే, తిరిగిన ఆ మొదటి నాలుగు పట్టీలే ఉంచి, 9కి బదులు 3 పట్టీని కదలకుండా గుచ్చితే దాని పక్కవి రెండూ చుట్టూ తిరుగుతాయి. ముక్కలు అవే. దేన్ని కట్టేశామన్నదే తేడా.

మాతో ఒక బీటెక్ మెకానికల్ కుర్రాడు ఉన్నాడు, మూడో సంవత్సరం. లింకుల, అంటే పట్టీల, సంఖ్యలోంచి ఒకటి తీసి మూడుతో గుణించి, అందులోంచి కీళ్ల, అంటే సూది గుచ్చిన చోట్ల, సంఖ్యకు రెట్టింపు తీసేస్తే ఎన్ని రకాలుగా కదులుతుందో వస్తుందని గడగడా చెప్పాడు. నాలుగు లింకులు, నాలుగు కీళ్లు, తొమ్మిదిలోంచి ఎనిమిది పోతే ఒకటి, కరెక్టే. పాపం అతని పట్టీలు మాత్రం తిరగలేదు, చిల్లులు సూది కన్నా పెద్దవి పెట్టేశాడు, అన్నీ కూలబడిపోయాయి. నేను నవ్వలేదు. అంటే, బయటికి నవ్వలేదు.

ఆ రోజే చివర్లో 8 పట్టీకి పక్కగా ఇంకో అట్టముక్క అతికించి, దానికి చిల్లు పెట్టి, పెన్సిలు దూర్చి తిప్పమన్నారు. కింద కాగితం మీద పెన్సిలు గీసే గీత గుండ్రం కాదు. ఒకరిది మామిడికాయలా వచ్చింది, ఒకరిది వేరుశనగకాయలా, చిల్లు చోటు మారిస్తే బొమ్మ మారిపోతుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, మీ చేలో నాటు మిషన్ దిగితే, తోసుకుంటూ నడిచే రకం అయితే, దాని వేళ్లు ఎలా కదులుతాయో వంగి చూడండి. ట్రేలోంచి నారు గిల్లుకుని, కిందికి వచ్చి, బురదలో గుచ్చి, మొక్కని కదపకుండా పైకి లేస్తాయి. ఆ దారి కూడా ఇలాంటి పెన్సిలు గీతేనని మాస్టారు చెప్పినప్పుడు, చేపల చెరువుల ఆయన ఒకరు "ఓర్నీ" అని గట్టిగా అనేశారు. మూడు పట్టీలతో దాదాపు తిన్నని గీత గీయించే అమరికని జేమ్స్ వాట్ 1784లో పేటెంట్ చేశాడట, ఆవిరి యంత్రం కన్నా దాని గురించే ఎక్కువ గర్వపడేవాడట. ఆ గీత మాకూ వచ్చింది, మధ్యలో మాత్రమే తిన్నగా.

రెండో ఆదివారం నాది. కుట్టు మిషన్ తెచ్చి మధ్యలో పెట్టారు, కాలితో తొక్కే పాతది, నల్ల తల. నేను 14 ఏళ్లుగా పెడల్ తొక్కే ముందు పైన చేతి చక్రాన్ని కొంచెం నావైపు తిప్పుతాను. మా అమ్మ అలాగే నేర్పింది, ఆవిడకి ఎవరు నేర్పారో. తిప్పకుండా తొక్కితే ఒక్కోసారి పెడల్ రాయిలా నిలబడిపోతుంది, ఒక్కోసారి వెనక్కి తిరిగి దారం చిక్కుపడిపోతుంది. ఎందుకలా అని ఎప్పుడూ అనుకోలేదు, మిషన్ గుణం అనుకున్నాను. మాస్టారు నన్ను నేల మీద కూర్చోబెట్టి కింద పెద్ద చక్రం దగ్గర చూడమన్నారు. పెడల్ ఊగుతుంది, అది రాకర్. చక్రానికి మధ్యలోంచి పక్కకి జరిపి బిగించిన మేకు క్రాంకు. రెండిటి మధ్య నిలువు రాడ్డు. నాలుగోది మిషన్ స్టాండే. అంటే మొన్నటి అట్టపట్టీలే! క్రాంకూ రాడ్డూ ఒకే గీతలోకి వచ్చిన చోట పెడల్ ఎంత గట్టిగా తొక్కినా ఆ బలం ఇరుసుని నొక్కుతుందే తప్ప చక్రాన్ని తిప్పదు. ఒక చుట్టులో అలాంటి చోట్లు రెండు. నడుస్తున్నప్పుడు చక్రం బరువే ఆ చోటు దాటించేస్తుంది, అందుకే ఆ చక్రం అంత బరువుగా పోత పోస్తారు. ఆగి ఉన్నప్పుడు మాత్రం ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. నేను అలాగే కింద కూర్చుని పెడల్‌ని చేత్తో నెమ్మదిగా ఆడిస్తూ చాలాసేపు ఆ చోటు కోసం చూశాను. సరిగ్గా రాడ్డు, మేకు, ఇరుసు ఒక గీతలోకి రాగానే చేతికి తెలుస్తుంది, పెడల్ గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది. ఒక వెంట్రుకవాసి దాటితే మళ్లీ మెత్తగా కదులుతుంది.

పైన సూది కూడా అంతే, క్రాంకుకి తగిలించిన రాడ్డు నిలువు కడ్డీని కిందికీ పైకీ తోస్తుంది. సూది నడక ఎంతో క్రాంకు పొడవు అందులో సగం. ఇంటికొచ్చి నా మిషన్ కొలిస్తే సూది 30 మిల్లీమీటర్లు నడిచింది, మూత విప్పి చూస్తే క్రాంకు 15. దారం లాగే లివర్‌ని నడిపేది గాడి ఉన్న క్యామ్, అంటే తాను తిరుగుతూ గాడి వంపుని బట్టి లివర్‌ని కదిపే ముక్క. ఆ రాత్రి మా ఆయన భోజనం పెట్టమంటే మిషన్ విప్పేసి ఉంది.

మూడో ఆదివారం దండగ. క్యాములు, రాచెట్ (ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం), జెనీవా చక్రం, వర్మ్ గేర్ (మరచుట్ల రాడ్డుతో తిరిగే పళ్ల చక్రం), అన్నీ ఒక్క రోజులో కుక్కేశారు, సగం ఫోనులో వీడియోలు. కరెంటు పోయింది, రేకుల కింద ఉడికిపోయాం. సైకిలు తొక్కడం ఆపితే వచ్చే టకటక రాచెట్ శబ్దమేనని తెలిసింది, అంతే. ఆ రోజుని నిలబెట్టింది మాతోపాటు నేర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, పాత టాకీసులో ఆపరేటర్‌గా చేశారట. జెనీవా చక్రం బొమ్మ చూడగానే లేచి, "ఇది నాకు అన్నం పెట్టిందండి" అన్నారు. నాలుగు గాళ్ల చక్రం, పక్కన తిరిగే చక్రానికి ఒక మేకు. మేకు ఒక చుట్టు తిరిగితే గాళ్ల చక్రం పావు చుట్టు గెంతి ఆగిపోతుంది. రీలు సెకనుకి 24 సార్లు గెంతి ఆగాలి, గెంతే క్షణంలో కాంతికి ఒక రెక్క అడ్డం పడాలి, ఆగినప్పుడే తెర మీద బొమ్మ పడాలి. ఆ గాళ్లు అరిగితే హీరో ముఖం పైకీ కిందికీ వణుకుతుంది, వెనక బెంచీలవాళ్లు ఆపరేటర్‌ని తిడతారు. మాస్టారి వీడియో కన్నా ఈయన పది నిమిషాలు నయం.

నాలుగో వారం షెడ్డు వదిలి కాలవ షట్టర్ల దగ్గరికి తీసుకెళ్లారు. మన దగ్గర ఏ క్లాసైనా చివరికి కాటన్ దొర దగ్గరికి వెళ్లాల్సిందే కదా, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు, అదంతా ఒక అరగంట. చూడాల్సింది అది కాదు. లస్కరు, అంటే కాలవ కాపలా మనిషి, పైన చక్రం తిప్పితే మరచుట్లున్న నిలువు రాడ్డు మెల్లగా పైకి లేచింది, కింద షట్టరు లేచింది. నీళ్ల ఒత్తిడితో గాడికి అదుముకుపోయి ఉన్న ఇనప తలుపుని ఒక్క మనిషి, అదీ బక్కపలచటి మనిషి. చక్రం చాలాసార్లు తిప్పితే షట్టరు బెత్తెడు లేస్తుంది, బలం బదులు చుట్లు ఖర్చవుతాయి. నన్ను చక్రం మీదనుంచి చెయ్యి తీసెయ్యమన్నారు. భయపడుతూనే తీశాను. షట్టరు పడిపోలేదు, ఉన్నచోటే ఉంది. మర ఏటవాలు అంత తక్కువగా ఉంటే, రాపిడి వల్ల కింది బరువు పైచక్రాన్ని వెనక్కి తిప్పలేదు. కారు వైపర్ మోటారులో వర్మ్ గేరు కూడా ఇదే జాతి, బయటి ఇరుసుని చేత్తో తిప్పబోతే కదలదు.

ఆ మోటారు సంగతి గుర్తు పెట్టుకున్నాను. చివరి రెండు వారాలు ఎవరి పని వాళ్లదే, ఏదో ఒకటి డిజైను చేసి చెయ్యాలి. మా ఆడపడుచు పురిటికి వచ్చి ఉంది, పాపకి రెండు నెలలు, చీర ఉయ్యాల దూలానికి కట్టి రాత్రంతా వంతులవారీగా ఊపుతున్నాం. నేను ఉయ్యాల ఊపే మెకానిజం చేస్తానన్నాను. మా అత్తయ్య "పిల్లని ఊపడానికి మోటారా, అయితే నన్నూ ఊపమను" అంది.

పాత ఇనప సామాన్ల కొట్లో వైపర్ మోటారు 400కి దొరికింది. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఉయ్యాల బాగా ఊగాలి కదా అని క్రాంకు పెద్దది పెట్టాను, 8 సెంటీమీటర్లు. రాకర్ 9, మధ్య రాడ్డు 20, మోటారుకీ రాకర్ ఇరుసుకీ మధ్య 25. అట్టతో చూసుకోమని మాస్టారు రెండుసార్లు చెప్పారు, నేను తిన్నగా ప్లైవుడ్డు కోసేశాను. స్విచ్ వేయగానే ఒక అర చుట్టు తిరిగి, కటక్, ప్లైవుడ్డు రాకర్ చిల్లు దగ్గర చీలిపోయింది. 8, 25 కలిపితే 33. మిగతా రెండూ 29. మొదటి ఆదివారం నేర్పిన మొదటి ముక్క! మాస్టారు ఏమీ అనలేదు, నా ముందు గుండుసూదుల డబ్బా పెట్టి వెళ్లిపోయారు. అదే ఎక్కువ తగిలింది.

రెండోసారి అట్టతో మొదలుపెట్టాను. క్రాంకు 4, రాడ్డు 24, రాకర్ 12, మధ్య 25. హాయిగా తిరిగింది. రాడ్డుకీ రాకర్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉంటే తోపు బాగా అందుతుందని, 40 కన్నా తగ్గనివ్వొద్దని చెప్పారు. కోణమానిని పెట్టి కొలిస్తే నాది 61కి దిగి 102 దాకా వెళ్లింది. ఇది బానే ఉందన్నారు. తర్వాత చిల్లుల గొడవ. తొమ్మిది మందికి ఒకటే డ్రిల్ మిషన్, బిట్టు మొండిది, చేత్తో పట్టుకుని దింపితే చిల్లు కోడిగుడ్డులా వస్తుంది, బోల్టు అందులో టక్ టక్ మని ఆడుతుంది. మెకానిక్కులు దాన్ని ప్లే అంటారు. నాలుగు కీళ్లలో తలా అర మిల్లీమీటరు ప్లే ఉంటే చివర రాకర్ కొసకి వచ్చేసరికి అది తాగినవాడి నడకే. ఇత్తడి పైపు ముక్క కోసి చిల్లులో బుష్‌గా, అంటే తొడుగులా, దిగ్గొట్టి, రెండు పక్కలా వాషర్లు వేసి, దానంతటది వదులవని నైలాక్ నట్టుని పూర్తిగా బిగించకుండా పావు చుట్టు వదిలితే శబ్దం పోయింది. ఆ పావు చుట్టు ఎవరూ కాగితం మీద చెప్పలేరు, బిగించి, తిప్పి, వదులు చేసి, మళ్లీ తిప్పి చూసుకోవాల్సిందే. మాస్టారిలో గొప్ప గుణం ఇక్కడే చూశాను, నేను ఎంత తడుముకున్నా స్పానర్ నా చేతిలోంచి లాక్కోలేదు.

అంతా బాగుందని ఉయ్యాలలో అయిదు కేజీల బియ్యం సంచి పెట్టి మోటారు వేస్తే, ఊగడం మానేసి గుంజుకుంటూ వణికింది. ఫోనులో టైమర్ పెట్టి లెక్కపెట్టమన్నారు. మోటారు నిమిషానికి 45 చుట్లు. ఉయ్యాలని చేత్తో తోసి వదిలేస్తే నిమిషానికి 24 ఊపులు. పది కేజీలు పెట్టినా 24 ఊపులే, బరువుతో పని లేదు, తాడు పొడవుతోనే పని, మాది దూలం నుంచి సుమారు అయిదడుగులు. ఉయ్యాల తన లెక్క మానదు, మనమే దాని లెక్కలోకి వెళ్లాలి. 12 వోల్టుల మోటారుకి 6 వోల్టుల బ్యాటరీ పెట్టాం, వేగం దాదాపు సగానికి పడి 23 అయింది. రాకర్ కొసకీ ఉయ్యాలకీ మధ్య తాడు బదులు సైకిలు ట్యూబు పట్టీ కట్టమన్నారు, ఎవరైనా ఉయ్యాల పట్టుకుంటే రబ్బరు సాగాలి తప్ప మోటారు లాగెయ్యకూడదు. స్విచ్ వేశాక మొదటి అర నిమిషం ఏమీ కనపడలేదు. తర్వాత బియ్యం సంచి కొంచెం, ఇంకొంచెం, అలా పెరుగుతూ జానెడు అటు, జానెడు ఇటు ఊగడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు జలదరించింది, బియ్యం సంచికి జోలపాట పాడాలనిపించింది.

పాపని పెట్టి ఊపామా అంటే ఊపాం, పక్కన మనిషి కూర్చుని ఉన్నప్పుడే, రాత్రిళ్లు ఎప్పుడూ వదల్లేదు. బ్యాటరీ రెండు గంటలకు మించి రాదు.

తిట్లు కూడా పూర్తి చేస్తాను. పదింటికి అన్న క్లాసు ఏ రోజూ పదిన్నరకి ముందు మొదలవలేదు. మెటీరియల్‌కి ఇంకో 600 అని మూడో వారంలో చెప్పారు, ముందు చెప్తే పోయేదేం లేదు. నోట్సు అని ఇచ్చింది ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు, బొమ్మలన్నీ నల్లటి మచ్చలు, తెలుగులో ఒక్క ముక్క లేదు, ఆయన నోటితో చెప్పే తెలుగే రాసి ఇస్తే ఎంత బాగుండేది. ఆడవాళ్లకి బాత్రూము లేదు, పక్కింటివాళ్లని అడగాలి. నేనూ ఇంకో అమ్మాయీ మాత్రమే కాబట్టి ఎవరికీ పట్టలేదు. సర్టిఫికెట్ ఇస్తామన్నారు, ఇంకా రాలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ మూడో ఆదివారం సరిగ్గా నడిపి ఉంటే నాలుగు. కంప్యూటర్‌లో డిజైన్ కావాలనేవాళ్లకి ఇక్కడ ఏమీ లేదు. మార్కుల కోసం అయితే అసలొద్దు. సైకిలు షాపువాళ్లు, టైలర్లు, చెరువుల మీద ఏరేటర్లతో కుస్తీ పట్టేవాళ్లు, చదివి చేత్తో ముట్టుకోని ఇంజనీరింగ్ పిల్లలు, వీళ్లు వెళ్లండి. పిల్లలైతే పదో తరగతి దాటాక నయం, అంతకు ముందు క్రికెట్టే గెలుస్తుంది.

సంక్రాంతి తర్వాత కొత్త బ్యాచ్ అంటున్నారు. వెళ్లేవాళ్లు 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు ఒకటి మీదే కొనుక్కుని వెళ్లండి, పేరు రాసి పెట్టుకోండి, నాది అక్కడే పోయింది.